కుక్కపిల్లకు తొలి వంద రోజులు

చిత్తకార్తె కుక్కల కాలమని మన పల్లెల్లో పసివాళ్ళకు కూడా తెలుసు. అక్టోబరు నడుమ ఆ కార్తె వస్తుంది. కుక్క చూలు మోసేది అటూ ఇటుగా 63 రోజులు. లెక్క వేసుకుంటే సంక్రాంతి ముగ్గులు పడేనాటికి వరంగల్లు, హనుమకొండ, కాజీపేటల్లో ఏ వాడకట్టుకు వెళ్ళినా మోరీ తూము కిందనో, కట్టుబడి ఆగిన ఇంటి ముందరి ఇసుక కుప్పలోనో, కూరగాయల మార్కెట్టు వెనుక గోనెసంచుల మధ్యనో నాలుగైదు కూనలు ఒకదానిపై ఒకటి పడి నిద్రపోతూ కనిపిస్తాయి. పిల్లలు ముచ్చటపడి వాటికి పేర్లు పెడతారు. పెద్దలు మిగిలిన అన్నం పెడతారు. ఉగాది వచ్చేసరికి ఆ ఐదింటిలో ఎన్ని మిగిలాయో, మిగిలినవి ఏ దారి పట్టాయో ఎవరికీ పట్టదు.

లెక్క పెట్టినవారు లేకపోలేదు. కోల్‌కతాలోని ఐసర్ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 95 ఈతల్లో పుట్టిన 364 వీధి కుక్కపిల్లలను వెంబడించి గమనించి, 2016లో ఫలితాలు ప్రకటించారు. ఈడుకు వచ్చేదాకా బతికి బట్టకట్టినవి నూటికి 19 మాత్రమే. పోయినవాటిలో నూటికి 63 మనిషి కారణంగానే పోయాయి. అంటే వీధి కుక్కపిల్లకు ఆకలి కంటే, రోగం కంటే మనమే పెద్ద గండం. ఆ గండం గడిచి బతికిన ఒక్కటీ మనిషిని చూసి ఏమి నేర్చుకుని పెరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

వీధి కుక్కల విషయం వచ్చినప్పుడల్లా మన పట్టణంలో రెండే మాటలు వినిపిస్తాయి. చంపివేయాలని కొందరు, ముట్టుకోరాదని కొందరు. ఈ రెండు మాటల నడుమ మూడవది ఒకటి ఉన్నది. కుక్క మనిషితో మసలగలదా లేదా అన్నది చాలావరకు దాని తొలి 14 వారాల్లో, అంటే దాదాపు వంద రోజుల్లో తేలిపోతుంది. ఆ వంద రోజులూ అది మన గడప ముందే ఉంటుంది. తరువాత పదేళ్ళపాటు పడే అవస్థకు ఆ వంద రోజుల్లో చేయదగిన పని చేయకపోవడం ఒక ముఖ్య కారణం. ఈ వ్యాసంలో చెప్పదలచినది అంతే.

రెండు విషాదాలు

2023 ఫిబ్రవరి 19న హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాలుడు కుక్కల దాడిలో మరణించాడు. రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. అదే ఏడు మే నెలలో, మన కాజీపేట రైల్వే క్వార్టర్ల వద్ద, పొట్ట చేతబట్టుకుని పరాయి రాష్ట్రం నుంచి వచ్చిన కుటుంబంలోని ఒక బాలుడు అదే విధంగా ప్రాణాలు కోల్పోయాడు. ఆ తల్లిదండ్రుల దుఃఖం ముందు జంతు ప్రేమ గురించి ఉపన్యాసాలు చెప్పడం ఎవరికీ తగదు.

ఇక రెండవ విషాదం. 2026 జనవరిలో హనుమకొండ జిల్లాలోని రెండు గ్రామాల్లో వందల సంఖ్యలో కుక్కలను చంపివేశారన్న ఫిర్యాదుపై పోలీసులు కేసు నమోదు చేశారు. కోపం ఎంత న్యాయమైనదైనా ఆ పని చట్టం ఒప్పుకునేది కాదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఉండనే ఉన్నది. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం జంతువును చంపినా, విషం పెట్టినా, అంగహీనం చేసినా ఐదేళ్ళ దాకా జైలుశిక్ష పడవచ్చు. చట్టం మాట అటుంచినా, చంపడం వల్ల ఫలితం కూడా దక్కదు. చెత్తకుప్ప అక్కడే ఉంటుంది, మాంసం దుకాణాల వ్యర్థాలు అక్కడే పడుతుంటాయి. ఖాళీ అయిన వీధిలోకి పక్క ఊరి కుక్కలు వస్తాయి. మళ్ళీ చిత్తకార్తె వస్తుంది.

పిల్లవాడి చావుకూ, కుక్కల చావుకూ వెనుక ఉన్నది ఒకే అలక్ష్యం. కుక్క పుట్టినప్పుడు ఎవరూ పట్టించుకోరు. కరిచినప్పుడు అందరూ పట్టించుకుంటారు.

పాత గుణం ఎక్కడిది?

కుక్కను సింహాసనం ఎక్కించినా పాత గుణం పోదని సుమతీ శతకకారుడు చెప్పిన మాట మన ఇళ్ళలో సామెతలాగా నలిగింది. ఊరకుక్కను ఇంటికి తెస్తామన్న పిల్లవాడికి మొదట ఎదురయ్యేది అదే. “ఎవలకు పుట్టిందో ఏమో, ఆ ఊరకుక్క ఎందుకు బిడ్డా మనకు?” అంటుంది అమ్మమ్మ. శతకకారుడు నీతి చెప్పింది మనుషుల గురించి. కుక్కల మాట వరకు ఆ పాత గుణం ఎక్కడ పుడుతుందో శాస్త్రజ్ఞులు తీరికగా వెతికారు.

అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్ పరిశోధనాలయంలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి కుక్కపిల్లలను పరిశీలించి 1965లో పెద్ద గ్రంథం వెలువరించారు. అంతకుముందు 1961లో అదే చోట జరిగిన ప్రయోగం ఒకటి ప్రసిద్ధం. ఎత్తయిన కంచె వేసిన మైదానంలో, మనిషి కంటబడకుండా కుక్కపిల్లలను పెంచారు. కొన్నింటిని రెండవ వారంలో, కొన్నింటిని మూడవ, ఐదవ, ఏడవ, తొమ్మిదవ వారాల్లో బయటికి తెచ్చి, వారం రోజులపాటు మనుషులతో ఆడనిచ్చి తిరిగి పంపారు. కొన్నింటిని మాత్రం 14 వారాలు నిండేదాకా తేలేదు. ఐదు నుంచి తొమ్మిది వారాల మధ్య మనిషిని ఎరిగినవి మచ్చికయ్యాయి. 14 వారాల దాకా మనిషిని ఎరగనివి అడవి జంతువుల మాదిరి బెదిరిపోయాయి. ఆ తరువాత బుజ్జగించినా పెద్దగా ఫలితం కనబడలేదు.

ఇందులో గమనించవలసినది ఒకటి ఉన్నది. ఒకే తల్లి కడుపున పుట్టినవి కూడా పెంపకాన్ని బట్టి వేరయ్యాయి. మూడవ వారంలో చెవులు, కళ్ళు పూర్తిగా పనిచేయడం మొదలైన నాటి నుంచి 14వ వారం దాకా కుక్కపిల్ల తన ప్రపంచంలో ఎవరు అయినవారో, ఎవరు కానివారో ఏరుకుంటుంది. ఆ తరువాత కొత్తది కనబడితే మొదట పుట్టేది భయం. భయపడిన కుక్కకు ఉన్నవి రెండే దారులు. పారిపోవడం, లేదా కరవడం.

జాతి మాటకు వస్తే, 2022లో ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం వెలువడింది. 18,385 కుక్కల యజమానులను ప్రశ్నించి, 2,155 కుక్కల జన్యువులను పరీక్షించి చూడగా, ఒక కుక్కకూ మరొక కుక్కకూ నడవడిలో ఉండే తేడాల్లో జాతి వల్ల కలిగేది దాదాపు నూటికి 9 వంతులేనని తేలింది. ఆ కుక్కల్లో సంకరజాతివి చాలా ఉన్నాయి. వేలు పోసి కొన్న జాతికుక్క మంచిదవుతుందన్న భరోసా లేదు, పైసా ఇవ్వకుండా వచ్చిన ఊరకుక్క చెడ్డదవుతుందన్న శాపమూ లేదు. భూమి చుట్టూ తిరిగిన తొలి ప్రాణి, 1957 నవంబరు 3న సోవియట్ ఉపగ్రహంలో వెళ్ళిన లైకా, మాస్కో వీధుల్లో పట్టి తెచ్చిన సంకరజాతి కుక్కే. అది తిరిగి రాలేదన్నది వేరే విషాదం. కాని చలికీ ఆకలికీ ఓర్చినది కాబట్టే వీధికుక్కను ఎన్నుకున్నారు.

మన నాటుకుక్క మన ఎండకు పుట్టినది. దట్టమైన బొచ్చున్న శీతల దేశపు కుక్కలు మే నెల వరంగల్లులో ఫ్యాను కింద కూడా రొప్పుతాయి. నాటుకుక్కకు వేపచెట్టు నీడ, కుండెడు నీళ్ళు చాలు.

ఎప్పుడు తేవాలి, ఏమి చేయాలి

కళ్ళు తెరవని కూనను జాలిపడి ఇంటికి తేవడం మేలు కాదు. తల్లి బతికి ఉన్నంతవరకు ఏడెనిమిది వారాలు దాని దగ్గరే ఉంచాలి. పాలు ఒక్కటే కాదు, ఎంత గట్టిగా కరిస్తే ఎదుటివారికి నొప్పి కలుగుతుందో కూన నేర్చుకునేది తోబుట్టువులతో ఆడేటప్పుడే. అంతవరకు మీరు చేయదగినది రోజూ పది నిమిషాలు వాటి దగ్గర కూర్చోవడం. తల్లి మిమ్మల్ని ఎరిగినదైతేనే ఆ పని చేయాలి. ఈనిన కుక్క దగ్గరికి పిల్లలను ఒంటరిగా పంపరాదు.

ఇంటికి తెచ్చిన మొదటి రోజే పశువుల దవాఖానాకు తీసుకువెళ్ళాలి. వీధి కూన కడుపులో నులిపురుగులు తప్పక ఉంటాయి. మూడు నెలలు వచ్చేదాకా రెండు వారాలకొకసారి ఆ మందు పడాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో, డిస్టెంపర్ మొదలైనవాటికి కలిపి వేసే టీకా ఇప్పించాలి. మూడు నాలుగు వారాలకు మళ్ళీ వేయించాలి. వాంతులు, నెత్తుటి విరేచనాలతో రెండు మూడు రోజుల్లో కూనను పొట్టనబెట్టుకునేది పార్వో. దానికి ఇంటి వైద్యం పనికిరాదు. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, వైద్యుడు చెప్పిన గడువుకు రెండవ మోతాదు, ఆపైన ఏటేటా ఒకటి. ఈ తేదీలన్నీ కాలెండరు మీద రాసుకుంటే మరిచిపోయే ప్రశ్న ఉండదు.

తిండి విషయంలో కంగారు పడనక్కరలేదు. మెత్తగా వండిన అన్నంలో ఉడికించిన గుడ్డు, కొద్దిగా పెరుగు, వీలైతే ఎముక తీసిన కోడిమాంసం, రోజుకు మూడు నాలుగు సార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. ఒకేసారి గిన్నెడు బర్రెపాలు పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి. ఉల్లిగడ్డ, ద్రాక్ష, చాక్లెట్ కుక్కకు విషంతో సమానం. ఉడికిన కోడి ఎముక పుల్లలాగా చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది. చెవుల వెనుక, వేళ్ళ సందుల్లో గోమార్లు ఉన్నాయేమో రోజూ చూడాలి. పెద్ద కుక్కకు వాడే గోమార్ల మందు కూనకు పట్టించవద్దు. వైద్యుని అడిగి వాడాలి.

మచ్చిక అంటే ముద్దు చేయడం కాదు

మన వాళ్ళు కుక్కను పెంచడమంటే రెండే తెలుసు. అయితే పగలంతా గొలుసు వేసి గేటుకు కట్టివేయడం, కాకుంటే రాత్రింబగళ్ళు వీధిలోకి వదిలివేయడం. మొదటి కుక్క పిరికిదై, కోపిష్టిదై గొలుసు తెగిన రోజున కరుస్తుంది. రెండవది వీధి గుంపులో కలుస్తుంది. ఈ రెంటిలో దేన్నీ పెంపకం అనడానికి వీల్లేదు.

మచ్చిక చేయడమంటే కుక్కపిల్లకు లోకాన్ని పరిచయం చేయడం. మన పట్టణపు లోకం ఎట్లా ఉంటుంది? కాజీపేటలో రైలు కూత. చౌరస్తాలో ఆటోల రొద. వంటింట్లో కుక్కర్ విజిల్, మిక్సీ మోత. పెళ్ళి ఊరేగింపులో బ్యాండు, బోనాలకు డప్పు, దీపావళికి టపాకాయలు. మనుషులలో పాలు పోసేవాడు, సిలిండరు మోసుకొచ్చేవాడు, సంచీ భుజాన వేసుకుని పార్సెళ్ళు పంచేవాడు, చేతికర్రతో నడిచే తాత, బురఖా వేసుకున్న పొరుగింటి ఇల్లాలు, హెల్మెట్ పెట్టుకున్న అల్లుడు, అరుస్తూ పరుగెత్తే బడిపిల్లలు. వీరిలో ఏ ఒక్కరినీ, ఏ ఒక్క చప్పుడునూ 14 వారాల లోపు ఎరగని కుక్క, పెద్దయ్యాక వారిని చూసి మొరిగితే తప్పు కుక్కదా, మనదా?

టీకాలు పూర్తికాని కూనను నేల మీద, ఇతర కుక్కలు తిరిగే చోట దింపరాదు. రోగాలు అంటుకుంటాయి. అలాగని మూడు నెలలు గదిలో మూసిపెడితే అసలు కాలం గడిచిపోతుంది. దీనికి మన అమ్మమ్మలకు తెలిసిన ఉపాయమే ఉన్నది. చంటిపిల్లను చంకన వేసుకుని వాడంతా చూపించినట్లే కుక్కపిల్లనూ ఎత్తుకుని తిప్పవచ్చు. సాయంత్రం పది నిమిషాలు సందు చివరిదాకా, మరునాడు కిరాణా కొట్టుదాకా, ఆ మరునాడు బస్సు స్టాపు దాకా. చప్పుడు విన్నప్పుడల్లా నోటికి చిన్న ముక్క ఏదైనా అందివ్వాలి. బెదిరి వణికితే బలవంతంగా దగ్గరికి తీసుకుపోకుండా నాలుగు అడుగులు వెనక్కి రావాలి. భయాన్ని భయంతో పోగొట్టడం కుదరదు.

ఇంటికి వచ్చినవారు కుక్కపిల్లపై వంగి తల మీద చేయి వేయబోతారు. అది దానికి దాడిలాగా తోస్తుంది. కింద కూర్చుని, చేయి కింద పెట్టి, అదే దగ్గరికి వచ్చి వాసన చూసేదాకా ఆగమని చెప్పాలి. ఐసర్ పరిశోధకులే 2017లో మరొక సంగతి కనుగొన్నారు. ముక్కూ మొహం తెలియని మనిషి పదేపదే వచ్చి తిండి పెట్టినదాని కంటే, ప్రేమగా నిమిరినదానికే వీధికుక్కలు ఎక్కువ నమ్మి దగ్గరయ్యాయి. పెద్దయిన వీధికుక్కలకే ఆ గుణం ఉంటే కూనకు ఎంత ఉండాలి?

కూనలు పళ్ళు వచ్చేటప్పుడు చేతులు కొరుకుతాయి. పిల్లలకు అది ఆట. పిల్లవాడు నవ్వుతూ చేయి అందిస్తే, మనిషి చేయి కొరకదగిన వస్తువని అది నేర్చుకుంటుంది. ఎనిమిది వారాల నాడు నవ్వు తెప్పించినది ఎనిమిది నెలల నాడు నెత్తురు తెప్పిస్తుంది. కొరికిన మరుక్షణం ఆట ఆపి లేచిపోవాలి. చేతికి బదులు ముడివేసిన పాతగుడ్డ ఇవ్వాలి. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు దాన్ని కదిలించవద్దని పిల్లలకు నేర్పాలి. ఐదేళ్ళ లోపు పిల్లలను ఏ కుక్కతోనూ, ఎంత మంచిదైనా సరే, ఒంటరిగా వదలరాదు.

కొట్టి నేర్పుతామనేవారు భారతం ఆదిపర్వాన్ని ఒకసారి తలచుకోవాలి. జనమేజయుని యాగశాల దగ్గర ఆడుకుంటున్న కుక్కపిల్లను రాజు తమ్ముళ్ళు నిష్కారణంగా కొట్టారు. దాని తల్లి సరమ నేరుగా రాజు దగ్గరికి వచ్చి, నా బిడ్డ చేసిన నేరమేమిటని అడిగింది. జవాబు రాలేదు. అనుకోని భయాలు వచ్చి పడతాయని చెప్పి వెళ్ళిపోయింది. మన వీధుల్లో ఆ మాట రోజూ నిజమవుతున్నది. బడికి పోతూ సరదాకు కూనపై రాయి విసిరిన పిల్లవాడు ఆ సంగతి మరిచిపోతాడు. కూన మాత్రం మరిచిపోదు. ఏడాది తరువాత అదే వయసు పిల్లవాడు, ఏ పాపం ఎరగనివాడు, అదే సందులో పరుగెత్తుకుంటూ వస్తాడు.

ముచ్చట తీరిన తరువాత

ఊరకుక్కల సంఖ్యలో కొంత భాగం మన ఇళ్ళ నుంచి వెళ్ళినదే. సంక్రాంతికి ముద్దొచ్చిన కూన వేసవి సెలవుల నాటికి చెప్పులు కొరికే కుక్క అవుతుంది. ఇల్లు మారుతున్నామనో, కోడలు నీళ్ళోసుకున్నదనో, పరీక్షలు దగ్గర పడ్డాయనో దాన్ని బండి మీద తీసుకుపోయి ఊరి బయట దించి వస్తారు. మనుషుల మధ్య పెరిగిన కుక్కకు వీధిలో బతకడం తెలియదు. గుంపు దాన్ని చంపుతుంది, లేదా కలుపుకుంటుంది. అందుచేత తెచ్చేముందే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. నాటుకుక్క పది పన్నెండేళ్ళు బతుకుతుంది. మేడారం జాతరకు ఇంటిల్లిపాదీ బయలుదేరితే ఎవరు చూస్తారు? అద్దె ఇంటి యజమాని ఒప్పుకుంటాడా? ఏటా టీకా ఖర్చు ఎవరిది? ఈ ప్రశ్నలకు జవాబు లేకపోతే కూనను తేవద్దు. తల్లి దగ్గరే ఉంచి, దానికీ తల్లికీ టీకా వేయించడం కూడా గొప్ప సాయమే.

తెచ్చినవారు వైద్యుని సలహాతో ఈడు రాగానే పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించాలి. ఇది పాపమని కొందరి భావం. ఒక ఆడకుక్క ఈతకు నాలుగైదు కూనలను కని, వాటిలో చాలావరకు ఈడుకు రాకముందే చావడం చూస్తూ ఊరుకోవడం కంటే పాపమా? కుక్క వీధిలోకి వెళ్ళినప్పుడు మెడపట్టీ, చేతిలో తాడు ఉండాలి. పెంపుడు జంతువు ఎదుటివారికి హాని చేయకుండా జాగ్రత్త పడని యజమాని న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద శిక్షార్హుడు.

చిన్న కాటు అని ఊరుకోవద్దు

కూనలను రక్షించేవారికి ముఖ్యమైన హెచ్చరిక ఒకటి. 2025లో ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌షహర్ ప్రాంతంలో ఒక యువ కబడ్డీ క్రీడాకారుడు కాలువలో పడిన కుక్కపిల్లను కాపాడాడు. అది వేలు కొరికింది. చిన్న గాయమే కదా అని టీకా వేయించుకోలేదు. కొన్ని నెలలకు రేబిస్‌తో మరణించాడు. రేబిస్ లక్షణాలు కనబడిన తరువాత బతకడం దాదాపు అసంభవం. భారత వైద్య పరిశోధన మండలి 2022-23లో జరిపిన సర్వే ప్రకారం మన దేశంలో ఏటా 91 లక్షల జంతు కాట్లు జరుగుతున్నాయని, 5,726 మంది రేబిస్‌తో మరణిస్తున్నారని అంచనా. కాట్లలో నాలుగింట మూడు వంతులు కుక్కలవే.

కరిచినా, గీరినా, గాయాన్ని నాకినా, ముందుగా ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, ఆకు పసరు పెట్టవద్దు. కట్టు కట్టవద్దు. అదే రోజు ఎంజీఎంకు గానీ, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి గానీ వెళ్ళాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్నది పాతకాలపు మాట. ఆ పాత టీకా తయారీ మన దేశంలో 2004-05 నాటికే ఆగిపోయింది. ఇప్పుడు చేతికి వేసేవి నాలుగైదు సూదులు. గాయం లోతైనదైతే అదే రోజు గాయం చుట్టూ వేసే మరో మందు ఉంటుంది, దానిని తప్పక అడగాలి. కూనలను చేరదీసే అలవాటు ఉన్నవారు ముందుగానే టీకా వేయించుకోవడం వివేకం.

అధికారులకు మనవి

2023లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధి కుక్కలకు శస్త్రచికిత్స, టీకా చేయించే బాధ్యత స్థానిక సంస్థలది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో ఒక ముఖ్య విషయం ఉన్నది. వీధికుక్కలను దత్తత తీసుకోగోరేవారు నగరపాలక సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చునని, దత్తత వెళ్ళిన కుక్క మళ్ళీ వీధికి రాకుండా చూసే బాధ్యత వారిదేనని న్యాయస్థానం చెప్పింది. అంతకు ఐదు రోజుల ముందే, ఆగస్టు 17న, హైదరాబాద్ మహానగర పాలక సంస్థ బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో నాటు కుక్కపిల్లల దత్తత మేళా జరిపింది.

అదే పని వరంగల్ మహానగర పాలక సంస్థ ఏటేటా, కాలం ఎరిగి చేయాలి. కూనలు పుట్టేది డిసెంబరు, జనవరి నెలల్లో. మచ్చికకు అదను ఫిబ్రవరి, మార్చి. కాబట్టి శివరాత్రి నుంచి ఉగాది దాకా ప్రతి ఆదివారం ఒక డివిజన్‌లో శిబిరం పెట్టవచ్చు. అక్కడికక్కడే పురుగుల మందు, టీకా, ఒక చిన్న పుస్తకం, ఈడుకు వచ్చాక ఉచిత శస్త్రచికిత్సకు ఒక చీటీ ఇవ్వవచ్చు. మామునూరులో పశువైద్య కళాశాల ఉన్నది. అక్కడి విద్యార్థుల చేత ఈ పని చేయిస్తే వారికి అనుభవం, పట్టణానికి మేలు. దత్తత తీసుకున్న ఇంటికి ఆరు నెలల తరువాత ఒకసారి వెళ్ళి చూసి వచ్చే ఏర్పాటు ఉండాలి. అది లేనిదే మేళా ఫొటోలతోనే ముగిసిపోతుంది.

దత్తత ఒక్కటే వీధి కుక్కల సమస్యను తీర్చదు. ఆ మాట స్పష్టంగా ఒప్పుకోవాలి. చెత్త ఎత్తివేత, మాంసం వ్యర్థాల తొలగింపు, పెద్ద కుక్కలకు శస్త్రచికిత్స, కరవడం అలవాటైన కుక్కలను వేరుచేయడం ఇవన్నీ సాగవలసిందే. వీధిలో పెరిగి గుంపు కట్టిన పెద్దకుక్కను ఇంటికి తెచ్చి మార్చగలమన్న భ్రమ ఎవరికీ వద్దు. అది అనుభవజ్ఞుల పని. అయితే ఒక్కొక్క వాడకట్టులో రెండు ఇళ్ళవారు ఏటా రెండు కూనలను సరిగా పెంచి, మిగిలినవాటికి టీకాలు వేయించినా, మరుసటి ఏడు ఆ వాడలో ఈనే కుక్కలు తగ్గుతాయి. మనిషిని చూసి బెదరని, మనిషిని బెదిరించని కుక్కలు పెరుగుతాయి. రాత్రి డ్యూటీ ముగించుకుని కాజీపేట నుంచి సైకిల్ మీద ఇంటికి వచ్చే కార్మికునికీ, తెల్లవారుజామున పాల ప్యాకెట్టుకు వెళ్ళే పిల్లవానికీ దానివల్ల కలిగే నిశ్చింత చిన్నది కాదు.

వచ్చే సంక్రాంతికి మీ సందులో కూనలు పుడతాయి. ఆ సంగతి ఈనాడే తెలుసు. వాటిని ఎవరు పెంచాలి, ఎవరు టీకా వేయించాలి, ఏ ఇంటివారు ఆదివారం దవాఖానాకు తీసుకువెళ్ళాలి అన్నది వాడకట్టు పెద్దలు కూర్చుని దీపావళి లోపల నిర్ణయించుకుంటే, వంద రోజుల పని సగం అయినట్లే.